ఏడో బొత్తాం

ఆ వానాకాలం మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్న సరుకు ఇది: నాన్న నమ్మి అప్పగించిన తాళాల గుత్తి, గోడ నిండా నాలుగు వందల పన్నెండు బొత్తాల పెట్టెలు, ఇరవై రెండేళ్ళ వయసు, బేరంలో ఎవరికీ లొంగని నోరు. ప్రేమ అనే సరుకు మా షాపులో ఉండేది కాదు. అడిగినవాళ్ళూ లేరు.

మాది బొత్తాలు, జిప్పులు, లేసులు, ఎలాస్టిక్కు అమ్మే షాపు. వెడల్పులో ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే మూడోవాడు పట్టడు. పొడుగు మాత్రం రైలుపెట్టెలా ఉండేది. నేల నుంచి పైకప్పు దాకా అట్టపెట్టెలు. ప్రతి పెట్టె ముందువైపు, లోపల ఉన్న రకం బొత్తాం ఒకటి దారంతో కుట్టి ఉండేది. దాన్ని మేం ‘కన్ను’ అనేవాళ్ళం. కన్ను చూస్తే చాలు, మూత తీయకుండానే లోపల ఏముందో తెలిసిపోతుంది.

షాపు అప్పగించేటప్పుడు నాన్న రెండే మాటలు చెప్పారు.

“ఒకటి, కన్ను అమ్మకు. కన్ను పోయిన పెట్టె ఉన్నా లేనట్టే. రెండు, ధర చెప్పడం అయ్యాక నోరు కట్టేసుకో. ముందు నోరు విప్పినవాడిదే నష్టం.”

ఆ రెండు మాటలూ నేను చెరొకసారి తప్పాను. రెండుసార్లూ ఒకే మనిషి కోసం తప్పాను.

ఆ రోజు మధ్యాహ్నం మూడు కావస్తుండగా వాన పెద్దదైంది. వీధిలో జనం ఎక్కడివాళ్ళక్కడ చూరుల కింద సర్దుకున్నారు. అప్పుడు తెరిచిన గొడుగుతో సహా మా షాపులోకి రాబోయి, ద్వారంలో ఇరుక్కుపోయింది ఒక అమ్మాయి.

“గొడుగు ముడవండి,” అన్నాను.

“ముడుచుకుంటే ముడవనా? పాడైపోయిందండీ. అయినా ఇదేం ద్వారం? దీంట్లోంచి మీరెలా వస్తున్నారు రోజూ?”

ముందు ఒక పాత కోటు లోపలికి వచ్చింది. దాని వెనకే ఆమె వచ్చింది. గొడుగు గుమ్మంలోనే ఉండిపోయి వీధికి అడ్డం పడింది.

“ఒక్క బటన్ కావాలండీ. ఒక్కటంటే ఒక్కటే. చూడండి, ఆరున్నాయి, ఏడోది లేదు. పది షాపులు తిరిగాను. ఒకాయన నల్లది పెట్టుకోమంటాడు, ఇంకొకాయన ఏడూ మార్చేసుకోమంటాడు, మూడో ఆయనైతే కోటే మార్చుకోమన్నాడు. మీ దగ్గర ఉంటుందని చెప్పారు, ఉందా, ఎంత?”

“మీరు ఊపిరి తీసుకుంటే వెతుకుతాను.”

కోటు చేతిలోకి తీసుకున్నాను. తేనె రంగు బొత్తాం, నాలుగు రంధ్రాలు, అంచున సన్నటి నల్ల గీత. ఆ రకం ఎక్కడ ఉంటుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. తొమ్మిదో వరస, ఎడమ నుంచి మూడో పెట్టె. తీసి మూత విప్పాను. ఖాళీ.

“అయిపోయాయండీ. ఇవి తయారుచేసే కంపెనీ మూతపడి ఆరేళ్ళవుతోంది.”

“అదేంటి, ఇదిగో ఉందిగా!” పెట్టె ముందున్న బొత్తాం మీద వేలు పెట్టింది.

“అది కన్ను.”

“ఎవరి కన్ను?”

“పెట్టె కన్ను. అమ్మకానికి కాదు.”

“పెట్టె ఖాళీయే కదా?”

“ఖాళీయే.”

“ఖాళీ పెట్టెకి కన్నెందుకండీ? ఏం చూద్దామని?”

నోరే పెట్టుబడిగా బతుకుతున్నవాడిని. అయినా పెట్టె మూత మళ్ళీ బిగించి, నాన్న మాటే అరువు తెచ్చుకున్నాను.

“రూలండీ,” అన్నాను చివరికి.

“ఎవరు పెట్టారు?”

“మా నాన్న.”

“పిలవండి ఆయన్ని.”

“భోంచేసి పడుకున్నారు.”

“లేపండి.”

“ఒక్క బొత్తాం కోసం లేపితే నా చర్మం ఒలిచి బొత్తాలు చేస్తారు.”

“అప్పుడొస్తాను అయితే. ఒకటి పక్కన పెట్టండి,” అని కోటు లాక్కుని వెనక్కి తిరిగింది. విసురుగా వెళ్ళిపోవాలనే అనుకుంది గానీ గొడుగు మళ్ళీ పట్టేసింది. నేను కౌంటరు దిగి వచ్చి వెనకనుంచి గొడుగు తోస్తే తప్ప వీధిలో పడలేకపోయింది.

“థాంక్స్,” అంది పళ్ళు నూరుతూ.

మర్నాడు మళ్ళీ వచ్చింది. వాన లేదు, గొడుగు లేదు. నేను అప్పుడు ఒక దర్జీ ఆవిడతో లేసు బేరంలో ఉన్నాను. ధర చెప్పి ఊరుకున్నాను. ఆవిడ ఎక్కువన్నది, పక్క వీధిలో తక్కువన్నది, రంగు వెలిసిందన్నది, మా తాతగారి కాలం నుంచి వస్తున్నానన్నది. నేను కిమ్మనలేదు. చివరికి ఒక నిట్టూర్పు విడిచి అంతకే తీసుకుని వెళ్ళిపోయింది.

కోటమ్మాయి ఒక మూల నిలబడి ఇదంతా చూస్తోంది.

“ఎలా ఉండగలిగారు అలా?” అంది.

“ఎలా?”

“నోరు మూసుకుని.”

“ధర చెప్పాక చెప్పడానికి ఏముంటుందండీ? ఆ తర్వాత మనం ఏం మాట్లాడినా అది తగ్గించడమే.”

ఆమె కౌంటరు దగ్గరికి వచ్చి మోచేతులు ఆనించింది. మొదటిసారి కాస్త నెమ్మదిగా మాట్లాడింది.

“నాకో సాయం చెయ్యాలి. బటన్ సంగతి కాదు.”

సంగతేమిటంటే, రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ వెళ్తే వచ్చే ఊళ్ళో ఒక నాటక కళాశాల ఉంది. ఏటా వాళ్ళే వచ్చి మా ఊళ్ళో ఆడిషన్ పెట్టి పిల్లల్ని ఎంచుకుంటారు. ఇరవై నాలుగు సీట్లు. ఒక మనిషికి జీవితంలో రెండే అవకాశాలు. ఈమెకు పోయినేడు ఒకటి అయిపోయింది. రెండోది ఇంకో పది రోజుల్లో ఉంది. ఇదీ పోతే నర్సింగులో చేరతానని వాళ్ళమ్మకు మాటిచ్చింది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. ఫారం నింపి అల్మారాలో పెట్టి ఉంచింది కూడా.

“పోయినసారి ఏమైంది?”

“ఒకావిడ ఉంటుంది ప్యానెల్లో, తెల్లజుట్టు. ‘నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నువ్వు మాకు కనబడటం లేదమ్మా’ అంది. ఆ భయంతో ఈ కోటు బటన్ తిప్పీ తిప్పీ పీకేశాను. అక్కడే ఎక్కడో దొర్లిపోయింది.”

“కోటు ఎవరిది?”

“మా నాన్నది. ఇంటికి రాగానే తలుపు వెనక తగిలించేవారు. ఇప్పుడు తలుపు వెనక ఇదొక్కటే ఉంది.”

ఆ ఒక్క మాట అన్నాక మాత్రం ఆమె వెంటనే ఇంకో మాట అందుకోలేదు.

ఈసారి ఆమె తనే ఒక సీను రాసుకుంది. తండ్రి కోటు అమ్ముకోవడానికి ఒక కూతురు పాతబట్టల షాపుకి వెళ్తుంది. అంతే కథ. షాపువాడి భాగం చదవడానికి ఎవర్నైనా తోడు తెచ్చుకోవచ్చు, వాడికి మార్కులుండవు. తోడు రావలసిన స్నేహితురాలికి చికెన్‌పాక్స్ వచ్చింది.

“ఒళ్ళంతా బటన్లే పాపం,” అంది ఆమె. “మీకు నాలుగు లైన్లే. ‘ఏం తెచ్చారు?’ ‘పాతదేగా.’ ‘ఎంతకిస్తారు?’ నేను ‘మూడు నెలల ఇంటద్దె’ అంటాను. మీరు ‘సరే, ఇవ్వండి’ అంటారు. అంతే.”

“అనను.”

“ఏం?”

“పాత కోటుకి మూడు నెలల అద్దె అడిగితే ‘సరే, ఇవ్వండి’ అంటాడా? వాడేం షాపువాడండీ? వారంలో దివాలా తీస్తాడు.”

“అది నాటకం!”

“నాటకంలో ఉన్నా షాపు షాపే.”

ఆమె నా వంక చూసింది. ఆ చూపులో సగం కోపం, సగం నవ్వు. అప్పుడు నాకు తెలియలేదు గానీ, నాటకానికి నన్ను ఒప్పించింది ఆ మిగతా సగం నవ్వే.

అలా మొదలైంది. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా మా వీధిలో బేరాలుండవు. ఆ గంటన్నరా మా కౌంటరే స్టేజీ. అసలు పేర్లున్నా ఎందుకో వాడుకోలేదు. నేను ఆమెకు ‘షాపుగారు’. ఆమె నాకు ‘కోటుగారు’.

ఆమె లోపం రెండో రోజుకే నాకు తెలిసిపోయింది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటే భరించలేదు. గిన్నెలో నీళ్ళు పోసినట్టు వెంటనే ఏదో ఒకటి పోసి నింపేయాలి.

“ధర చెప్పండి,” అనేవాణ్ణి.

“మూడు నెలల ఇంటద్దె.”

నేను ఊరుకునేవాణ్ణి. పరీక్ష అదే. ఆమె ఊరుకోవాలి.

ఒకటి. రెండు...

“అంటే బాగా మన్నిన కోటండీ ఇది, లోపల అస్తరు కూడా...”

“పోయింది బేరం.”

“అయ్యో! మళ్ళీ.”

“ధర?”

“మూడు నెలల ఇంటద్దె.”

ఒకటి. రెండు. మూడు...

“షాపుగారూ, మీరలా గుడ్లప్పగించి చూస్తే నాకు నవ్వొస్తుంది!”

“పోయింది బేరం.”

ఒకసారి ఎలాస్టిక్కు కోసం వచ్చిన ఒక పెద్దావిడ ఇదంతా నిజమే అనుకుంది. సంచి కింద పెట్టి నా మీదికి వచ్చింది.

“ఏమయ్యా, నీకు దయా దాక్షిణ్యం ఉందా? తండ్రి కోటు అమ్ముకోవడానికి వచ్చిన పిల్లను పట్టుకుని అలా మూగవాడిలా నిలబడతావా? ఇచ్చెయ్!”

“పిన్నిగారూ, ఇది నాటకమండీ,” అన్నాను.

“నాటకాలు నీ దగ్గరే ఉన్నాయి. అమ్మాయ్, నువ్వు ఏడవకమ్మా.”

కోటుగారు నిజంగానే కోటులో మొహం దాచుకుని వణికిపోతోంది. నవ్వాపుకోలేక. ఆ రోజు ఆ పెద్దావిడకు ఎలాస్టిక్కు ఊరికే ఇచ్చి పంపాల్సి వచ్చింది.

తొమ్మిది మధ్యాహ్నాల్లో ఆమె నాలుగు అంకెల దాకా నోరు మూసుకోగలిగింది. నాకైతే ఇంకొన్ని సంగతులు అలవాటయ్యాయి. రెండుంపావు అయ్యేసరికి ఎండ ఏటవాలుగా వచ్చి జిప్పుల కట్టల మీద పడితే ఆమె మొహం మీద చిన్న చిన్న మెరుపులు ఆడేవి. వస్తూ ఒకసారి, వెళ్తూ ఒకసారి తొమ్మిదో వరస వంక చూసేది. అడిగేది కాదు. అడిగి ఉంటే కాదనడం తేలిక.

ఆడిషన్ ముందు రోజు కోటు మడతపెట్టుకుంటుంటే నేనే కదిపాను.

“సెలెక్ట్ అయితే మూడేళ్ళు అక్కడే కదా?”

“అక్కడే. మొదటేడు సెలవులు కూడా ఇవ్వరట.”

“అయితే మధ్యాహ్నాలు షాపు ఖాళీ అన్నమాట.”

“అంటే?”

“అంటే ఏం లేదు. లేసులు సర్దుకోవచ్చు.”

ఆమె వెళ్తూ గుమ్మంలో ఆగింది. ఏదో అనబోయింది. అనలేదు. ఎన్ని అంకెలు నిలబడిందో నేను లెక్కపెట్టలేదు. లెక్క తప్పింది అక్కడే.

ఆ సాయంత్రం కూర్చుని బేరీజు వేసుకున్నాను. ఆమె గెలిస్తే నాకు లోటు. ఓడితే ఆమెకు లోటు. ఎవరికీ లోటు రాని దారి ఒకటి ఉండాలని వ్యాపారిగా గట్టి నమ్మకం. ఎంత వెతికినా దొరకలేదు.

పొద్దున షాపు తెరవకముందే వెళ్ళి తొమ్మిదో వరస మూడో పెట్టె దింపాను. చిన్న కత్తెరతో దారం తెంపాను. కన్ను నా అరచేతిలో పడింది.

ఆడిషన్ ఒక పాత సభాభవనంలో. కారిడార్ నిండా పిల్లలు. ఒకడు గోడతో గొడవ పడుతున్నాడు. ఒకామె కిటికీకి క్షమాపణ చెబుతోంది. ఇంకొకడు నేలమీద పడుకుని సింహంలా గొంతు సవరించుకుంటున్నాడు. వాళ్ళ మధ్య కోటుగారు బల్లమీద బిగుసుకుని కూర్చుని ఉంది.

“కోటు ఇవ్వండి,” అన్నాను.

“ఎందుకు?”

జేబులోంచి సూదీ దారమూ తీశాను. తర్వాత బొత్తాం తీశాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

“రూలు?” అంది మెల్లిగా.

“రూలు మా నాన్నది. బొత్తాం మీ నాన్నది.”

ఆమె కోటు నా చేతికిచ్చింది. నేను కుట్టడం మొదలుపెట్టాను. నాలుగు రంధ్రాల్లోంచీ రెండేసి సార్లు తీసి, బొత్తాం కింద దారం చుట్టి మెడలా బిగించి, ముడి లోపలికి తోశాను. ఇక ఎవరు ఎంత తిప్పినా ఊడదు. అంతసేపూ ఆమె నా చేతుల వంకే చూస్తూ కూర్చుంది. పది అంకెలు దాటి ఉంటుంది.

లోపల ఒక పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టావిడ. గోడగడియారం ఒకటి టక్కుటక్కుమంటోంది. నేను ఒక ఖాళీ బల్ల వెనక నిలబడ్డాను. ఆమె కోటు చేతిమీద వేసుకుని వచ్చింది.

“ఏం తెచ్చారు?” అన్నాను.

“కోటండీ.”

“పాతదేగా.”

ఆమె కోటు గురించి చెప్పింది. వేగంగానే చెప్పింది, ఎప్పటిలాగే. తెల్లజుట్టావిడ కలం కాగితం మీద ఏదో గీస్తోంది. గీత ఆగట్లేదు. నాకు ఆ గీత బాగా అర్థమైంది. వద్దనుకున్న సరుకును కూడా మర్యాదకోసం చూసే కస్టమర్ల చెయ్యి అలాగే కదులుతుంది.

“ఎంతకిస్తారు?”

“మూడు నెలల ఇంటద్దె.”

ఇక నేను ‘సరే, ఇవ్వండి’ అనాలి.

ఎదుటి మనిషి ధర చెప్పగానే నా నోరు దానంతటదే మూతపడింది. అలవాటు. కౌంటరు వెనక నిలబడ్డ కాళ్ళకూ చేతులకూ అది నాటకమని తెలియదు. తప్పు తెలిసేసరికి రెండు అంకెలు గడిచాయి. లైను గొంతు దాకా వచ్చింది. అప్పుడు ఆమె మొహం చూశాను. ‘సరే, ఇవ్వండి’ అంటే కోటు నా చేతికి వస్తుంది, ఆమె వెళ్ళిపోతుంది. లైను గొంతులోనే ఆగిపోయింది.

నాలుగు. అయిదు. ఆమె చెయ్యి కోటు మీద తడుముకుంది. వేళ్ళు ఏడో బొత్తాం మీదికి వెళ్ళాయి, తిప్పడానికి. అది కదలలేదు. వేళ్ళు అక్కడే ఆగాయి. ఆరు. ఏడు. నన్ను చూస్తోంది. కోపంగా మొదలైన చూపు, ఎక్కడ మారిందో తెలియదు, కోటు వైపు దిగింది. ఆ కోటు అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

గడియారం మాత్రమే వినిపిస్తోంది. కలం చప్పుడు లేదు.

“పోనీ,” అంది ఆమె. రాసుకున్న మాట కాదది. గొంతు కూడా నేను ఎప్పుడూ విన్నది కాదు. “రెండు నెలలది ఇవ్వండి. ఈ ఒక్క బొత్తాం నాకు వదిలేయండి.”

ఆ తర్వాత ఏమీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

“చాలమ్మా,” అంది తెల్లజుట్టావిడ.

కారిడార్‌లోకి రాగానే తుపాను విరుచుకుపడింది.

“నా లైనేది? ఏదీ నా లైను? నాలుగంటే నాలుగు లైన్లు! రాయి కూడా గుర్తుపెట్టుకుంటుంది! మింగేశావా?”

‘మీరు’ ఎక్కడ పోయిందో ఇద్దరికీ తెలియలేదు.

“అలవాటులో...”

“అలవాటా? కావాలనే చేశావు. నేను పోతే నీ మధ్యాహ్నాలు ఖాళీ అవుతాయని! అవునా, కాదా?”

వెంటనే ‘కాదు’ అనాల్సింది. అనబోయే ముందు ఒక్క క్షణం ఆలోచించాను. ఆ క్షణాన్ని ఆమె చూసింది. కళ్ళు తుడుచుకుని కోటు గుండెకు హత్తుకుని, గోడతో గొడవ పడుతున్నవాణ్ణి కూడా పక్కకు నెట్టి వెళ్ళిపోయింది.

షాపుకి వచ్చేసరికి నాన్న తొమ్మిదో వరస ముందు నిలబడి ఉన్నారు.

“కన్ను ఏదిరా?”

“ఇచ్చేశాను.”

ఆయన ఇంకేమీ అడగలేదు. స్టూలు మీద కూర్చుని నా మొహం వంక చూస్తూ ఊరుకున్నారు. నాకు ఆ విద్య నేర్పినాయనే ఆయన. పది అంకెలు కూడా ఆగలేకపోయాను. గొడుగు ఇరుక్కోవడం దగ్గర్నుంచి కారిడార్ దాకా మొత్తం కక్కేశాను.

నాన్న లేచి ఆ పెట్టె తీసుకుని ఎప్పటి చోటే పెట్టారు.

“వేరే రకం నింపి, కొత్త కన్ను కుట్టనా నాన్నా?”

“వద్దు. అలాగే ఉండనీ. ఏది ఇచ్చావో గుర్తుండాలిగా.”

పదకొండు రోజులు గడిచాయి. మధ్యాహ్నాలు లేసులు సర్దాను. సర్దినవే మళ్ళీ సర్దాను. వానలు పడ్డాయి, గుమ్మంలో గొడుగులేవీ ఇరుక్కోలేదు. పన్నెండో రోజున తెల్లచీర కట్టుకున్న ఒకావిడ వచ్చి హుక్కులు అడిగింది. పొట్లం కట్టి ఇచ్చాక కూడా కదలలేదు.

“షాపుగారంటే మీరేనా?”

“అవునండీ.”

“దాని తల్లిని. కోటుకి బొత్తాం కుట్టింది మీరేనటగా. నేను రోజూ మనుషులకే కుట్లు వేసేదాన్ని. పని చూస్తే తెలుస్తుంది. లాగి చూశాను, రాలేదు.”

“ఎలా ఉందండీ తను?”

“పలకదు. పుట్టాక దాని నోరు ఇన్ని రోజులు మూతపడటం ఇదే.” ఆవిడ హుక్కుల పొట్లం సంచిలో వేసుకుంది. “నా దగ్గర ఫారం నింపి ఉంది. మాటిచ్చింది కాబట్టి చేరుతుంది. ఆసుపత్రిలో పని కూడా బాగానే చేస్తుంది. ఇంటికొచ్చి తలుపు వెనక ఆ కోటు చూసినప్పుడల్లా ఏమవుతుందో, అదే నా భయం బాబూ.”

ఆ తర్వాత మూడో రోజు. వాన. మధ్యాహ్నం రెండుంపావు. గుమ్మం ముందు ఒక గొడుగు ఆగింది. చక్కగా ముడుచుకుంది. బాగుచేయించినట్టుంది. కోటుగారు ఆ కోటు వేసుకుని లోపలికి వచ్చి కౌంటరు మీద ఒక కవరు పెట్టింది.

“చదువు,” అంది.

చదివాను. సీటు వచ్చింది. అచ్చువేసిన అక్షరాల కింద ఎవరో చేత్తో ఒక ముక్క రాశారు: ‘ధర చెప్పాక నువ్వు ఊరుకున్నావు చూడు, అది పోగొట్టుకోకు.’

కళ్ళ ముందు అక్షరాలు కాస్త అలుక్కుపోయాయి. వాన జల్లు అనుకున్నాను.

“ఇప్పుడు చెప్పు. కావాలనే చేశావా?”

“సగం అలవాటు.”

“మిగతా సగం?”

కవరు మడత సరిచేశాను. ఆమె ఊరుకుంది. ఎంత బాగా నేర్చుకుందో!

“మిగతా సగం నువ్వన్నదే,” అన్నాను. “ఇవ్వండి అంటే వెళ్ళిపోతావని. తప్పే. నీకు సీటు రాకపోయి ఉంటే ఆ తప్పు నేను ఎక్కడ పెట్టుకుని తిరిగేవాణ్ణో తెలియదు.”

“దొంగ షాపు,” అంది. కానీ గొంతులో తుపాను లేదు. “నేను పది రోజులు నిన్ను తిట్టుకున్నాను తెలుసా? పదకొండో రోజున ఒక సంగతి తట్టింది. నువ్వు ఆ లైను చెప్పేసి ఉంటే, నేను కోటు ఇచ్చేసి, దణ్ణం పెట్టి, బయటికి వచ్చి నర్సింగులో చేరేదాన్ని.”

“మరి పన్నెండో రోజునే రావచ్చుగా?”

“పన్నెండో రోజున మా అమ్మ వచ్చింది. ఇద్దరం ఒకేసారి వస్తే బాగుండదు.”

వాన ఇంకాస్త పెరిగింది. ఆమె కౌంటరు మీద మోచేతులు ఆనించి నా వంక సూటిగా చూసింది.

“నేనొక ధర చెబుతాను. బేరాల్లేవు.”

“చెప్పండి కోటుగారూ.”

“మూడేళ్ళు. ఆగాలి.”

అని నోరు మూసుకుంది.

ఒకటి. రెండు. గుమ్మం ముందు నీళ్ళు పారుతున్నాయి. మూడు. నాలుగు. ఇక్కడ ఓడిపోతుందనుకున్నాను, ఎప్పుడూ ఓడే చోటే. ఓడలేదు. ఏడు. ఎనిమిది. ఆమె చెయ్యి ఏడో బొత్తాం మీద ఉంది. తిప్పడం లేదు, ఊరికే ఉంచింది. పదకొండు. పన్నెండు. రెప్ప కూడా వెయ్యదేం! ఈ విద్య నేర్పింది నేనే కదా, నా ముందా, అనుకున్నాను. పదిహేను. పదహారు. పదిహేడు.

“సరే, ఇవ్వండి,” అన్నాను.

ఆమె మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. నవ్వో ఏడుపో తేల్చుకోలేని గొంతుతో అరిచింది:

“ఈ లైను ఆ రోజు చెప్పి చావచ్చుగా!”

జిప్పుల కట్టల వెనక ఎవరో దగ్గారు. నాన్న. పడుకోవడానికి వెళ్ళలేదన్నమాట.

“ముందు నోరు విప్పింది ఎవర్రా?”

“నేనే నాన్నా.”

“నష్టం మనదేనన్నమాట.” ఆయన బయటికి వచ్చి ఆమె కోటు వంక, ఏడో బొత్తాం వంక చూశారు. “వీడు బేరంలో ఓడిపోగా చూడటం నాకిదే మొదలమ్మా. ఆ రైలేదో ఎక్కేలోగా మీ అమ్మగారిని ఒకసారి షాపుకి రమ్మను. ఆవిడతో మాట్లాడాలి. బేరం కాదు, భయపడొద్దని చెప్పు.”

మూడేళ్ళంటే మూడేళ్ళే పట్టింది. ఆగాను. ఆమె ఉత్తరాలు రాసేది, ఒక్కోటి పదహారు పేజీలు. మాటల్లో నేర్చుకున్న పొదుపు కాగితం మీద చూపించలేదు. నాలుగో వానాకాలం మొదట్లో స్టేషన్లో దిగేటప్పటికి ఆ కోటే వేసుకుని ఉంది, ఏడు బొత్తాలతో. నేను లాగి చూశాను. రాలేదు.

ఇదంతా జరిగి ముప్ఫై ఏళ్ళు దాటింది. నాన్న లేరు. ఆమె ఎన్నో నాటకాలు వేసింది. ఇప్పుడు ఆ ప్యానెల్లో, ఆ పొడుగాటి బల్ల వెనక తనే కూర్చుంటోంది. జుట్టు కూడా దానికి తగ్గట్టు తెల్లబడింది. ఏటా ఆడిషన్లకు నేనూ వెంట వెళ్తాను. లోపలికి రానివ్వరు. కారిడార్‌లో బల్లమీద సూదీ దారమూ పెట్టుకుని కూర్చుంటాను. గోడతో గొడవ పడేవాళ్ళు, కిటికీకి క్షమాపణ చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఊడిపోబోయే బొత్తాలూ ఉన్నాయి. అడిగినవాళ్ళకు కుట్టి పెడతాను. ధర చెప్పను కాబట్టి నోరు కట్టేసుకోనక్కర్లేదు. వాళ్ళ భయం పోయేదాకా ఏదో ఒకటి మాట్లాడుతుంటాను.

తొమ్మిదో వరస మూడో పెట్టె అక్కడే ఉంది, కన్ను లేకుండా, ఖాళీగా. అదేమిటని అడిగే కస్టమర్లకు అది అమ్మేశామని చెబుతాను.

ఇక లెక్క. పోయినవి: ఒక కన్ను, ఒక బేరం, మూడేళ్ళ మధ్యాహ్నాలు. ఈ రోజుకి చేతిలో ఉన్నవి: నాన్న ఇచ్చిన అదే తాళాల గుత్తి, తలుపు వెనక ఒక పాత కోటు, మధ్యాహ్నం రెండుంపావు కాగానే షాపులోకి వచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించి, ఊపిరి తీసుకోకుండా మాట్లాడే ఒక మనిషి.